మా కళ్లం మాకు చూపించండి, రోడ్డు ఖాళీ చేస్తాం: నెల్లూరు జిల్లా అధికారులకు ఒక రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా ఎస్పీ గారికి, రెవెన్యూ, పంచాయతీరాజ్, రోడ్లు భవనాలు, మార్కెటింగ్, పౌరసరఫరాల శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను కనిగిరి రిజర్వాయర్ ఆయకట్టు కింద సేద్యం చేసే రైతుని. నాలుగెకరాలు సొంతం, ఆరెకరాలు కౌలు. వరి తప్ప వేరే పంట పెట్టింది లేదు. వడ్లు నూర్చి ఆరబెట్టుకునే ఊరి ఉమ్మడి జాగా, అంటే కళ్లం, లేక ఏటా ఫిబ్రవరి చివర కోతలు మొదలైన దగ్గర్నుంచి మా ఊరి రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తున్నాం. దానివల్ల ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇంతకుముందు మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటిసారి, విషయం తమ పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. రెండోసారి ఇద్దరు వచ్చి రోడ్డు మీద వడ్లు తీయించి, ఫొటో తీసుకుని, సమస్య పరిష్కారమైందని రాసుకుని వెళ్లారు. వాళ్లు వెళ్లిన సాయంత్రమే వడ్లు మళ్లీ రోడ్డెక్కాయి. మూడో అర్జీకి జవాబే లేదు. అవి ఏ ఆఫీసులో పెట్టామో ఇక్కడ రాయడం లేదు. తప్పు ఒక్క ఆఫీసు మీద వేస్తే మిగతావాళ్లు తప్పుకుంటారని నా భయం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. రోడ్డు మీద నేనూ వడ్లు పోశాను. రాత్రిపూట పట్ట కప్పి చుట్టూ రాళ్లు నేనూ పెట్టాను. రెండేళ్ల కిందట మా చిన్నాన్న కొడుకు నెల్లూరులో పని ముగించుకుని రాత్రి తొమ్మిది దాటాక బండి మీద వస్తూ అలాంటి ఒక రాయికి కొట్టుకుని కాలవ కట్ట మీద పడ్డాడు. నల్లటి తారు మీద నల్లటి పట్ట, ఎదురుగా లారీ లైటు. ఏం కనపడుతుంది? కాల్లో రాడ్డు వేశారు. నాలుగు నెలలు పనికి పోలేదు, ఆ పని కూడా పోయింది. ఆ వడ్లు పోసిన ఆయన మా వీధి కౌలురైతే. విషయం తెలియగానే ఆసుపత్రికి వచ్చి తెల్లవార్లూ బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల మావాడు, బయట ఆయన. ఇద్దరిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆ రాత్రి నాకు తెలియలేదు. ఆ రాయి నా వడ్ల చుట్టూ పెట్టింది అయ్యుండొచ్చు కదా అనే ఆలోచన మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు.

రైతులు బుద్ధి లేక రోడ్డు మీద పోస్తున్నారు అనుకునేవాళ్లు ఉన్నారు. అందుకే అసలు కారణం కొంచెం వివరంగా చెప్తాను.

మా నాన్న కాలంలో వరి కొడవలితో కోసేవాళ్లు. కోసిన వరి కయ్యలోనే మూడు నాలుగు రోజులు పనల మీద ఎండేది. తర్వాత కట్టలు కట్టి, కళ్లానికి మోసి, కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవాళ్లు. అంటే గింజ చాలావరకు గడ్డి మీదే ఆరిపోయి కళ్లానికి వచ్చేది. ఇప్పుడు కూలీలు దొరకరు, దొరికినా ఆ కూలి మేం ఇచ్చుకోలేం. కోత మిషన్ గంటలో ఎకరం కోసి పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో పోసి పోతుంది. ఆ వడ్లలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. ప్రభుత్వం మద్దతు ధరకు తీసుకోవాలంటే 17 శాతానికి మించకూడదు. ఆ తేమ తగ్గించడానికి ఎండ కావాలి, గట్టి నేల కావాలి. కయ్యలో ఆరబెడదామంటే నేల ఇంకా తడిగానే ఉంటుంది. ఎడగారు, అంటే రెండో పంట, వేసే చోట వెంటనే మళ్లీ దమ్ముకు దిగాలి.

ఆరబెట్టే అవసరం ఇలా పెరిగిన రోజుల్లోనే కళ్లాలు మాయమయ్యాయి. పాత రికార్డుల్లో చాలా ఊళ్లకు కళ్లం పోరంబోకు ఉంది, డొంక (పొలాలకు వెళ్లే బండి దారి) పోరంబోకు ఉంది. మా ఊరి కళ్లంలో కొంత మంచి పనులకే పోయింది. నీళ్ల ట్యాంకు కట్టారు, ప్రభుత్వ భవనం కట్టారు, ఇళ్లులేనివాళ్లకు స్థలాలు ఇచ్చారు. ఎవరూ కాదనలేదు. మిగిలింది మాత్రం పక్క పొలాలవాళ్లు ఏటా ఒక బారెడు చొప్పున కలుపుకున్నారు. డొంక ఒకవైపు లేఅవుట్ ప్రహరీ లోపలికి వెళ్లింది, ఇంకోవైపు రొయ్యల గుంట కట్ట కిందకు వెళ్లింది. బండి దారి పోయాక ట్రాక్టర్లు, మిషన్లు అన్నీ తారు రోడ్డుకే వచ్చాయి. కళ్లం పోయాక వడ్లూ అక్కడికే వచ్చాయి. బడిపిల్లల ఆటోలు, ఆర్టీసీ బస్సు, 108, ఇసుక టిప్పర్లు అదే రోడ్డు మీద తిరుగుతున్నాయి.

మా నెల్లూరు జిల్లాలో లెక్క పుట్లలో ఉంటుంది. పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకు మూడు పుట్లు పండితే 2,550 కిలోలు. దాన్ని రెండంగుళాల మందాన పరిస్తే 90 చదరపు మీటర్ల దాకా జాగా పడుతుంది. ఊళ్లకు వేసే తారు రోడ్డు వెడల్పు చాలాచోట్ల 3.75 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లే. రోడ్డులో సగం ఆక్రమించి పోస్తే ఒక్క ఎకరం వడ్లు 50 మీటర్ల పొడవు పరుచుకుంటాయి. నా పది ఎకరాలూ ఒకేసారి కోస్తే అర కిలోమీటరు. అవతల మిగిలే దారి రెండు మీటర్లు లేదు, బస్సు వెడల్పేమో రెండున్నర మీటర్లు. అది వడ్లు తొక్కుకుంటూ పోవాలి, లేదా కాలవ అంచుకు దిగాలి.

దీనివల్ల మామూలు జనం మీద ఏం పడుతోందో వరసగా చెప్తాను.

1. బండి మీద వెళ్లేవాళ్లు. వడ్ల గింజల మీద టైరు జారుతుంది, బ్రేకు పట్టదు. అంతకంటే ప్రమాదం రాళ్లు, ముళ్లకంపలు, అడ్డం పెట్టిన కొయ్యలు. వడ్లు ఎత్తుకున్నాక కూడా చాలామంది ఆ రాళ్లు తీయరు. నెల తర్వాత, వడ్ల జాడే లేని చోట, ఒక్క రాయి రోడ్డు మధ్యలో ఉంటుంది. పడినవాడికి పరిహారం సంగతి ఇంకా అన్యాయం. ఇంకో వాహనం గుద్దితే దాని థర్డ్ పార్టీ బీమా ఉంటుంది. గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న పథకం కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవాళ్లకు 50 వేలు వస్తాయి. రాయికి కొట్టుకుని పడినవాడికి ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. బీమాల్లో ఇక మిగిలేది బండి యజమానికి ఉండే సొంత ప్రమాద బీమానే. మా ఊళ్లలో మొదటి ఏడాది తర్వాత ఆ బీమా కట్టినవాళ్లు తక్కువ. మా చిన్నాన్న కొడుక్కి ఎక్కడినుంచీ ఒక్క రూపాయి రాలేదు. ఆ కౌలురైతు తన వడ్లు అమ్మి తెచ్చి ఇచ్చిన డబ్బే వచ్చింది. అది తీసుకోవడానికి మా చిన్నమ్మకు చెయ్యి రాలేదు.

2. పిల్లలు. కోతలు ముమ్మరంగా ఉండేది మార్చిలో. పదో తరగతి పరీక్షలూ అప్పుడే. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లలు ఇళ్లకు వస్తారు. సరిగ్గా ఆ ఎండలోనే వడ్లు తిరగదోస్తుంటారు. సైకిల్ మీద వచ్చే పిల్ల ఎదురుగా టిప్పర్ వస్తే ఎటు తప్పుకోవాలి? ఒకపక్క వడ్లు, ఒకపక్క కాలవ. మా పాప ఇంటికి చేరేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే.

3. 108 ఆలస్యం. దీనికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీ డ్రైవర్లను అడిగితే ఏ ఊరి దగ్గర ఎంతసేపు ఆగారో చెప్తారు.

4. రైతుకు కూడా నష్టమే. రోడ్డు మీద ఆరబోయడం లాభం అనుకోవద్దు. టైర్లు తొక్కిన గింజ మిల్లులో నూక అవుతుంది. మట్టి, కంకర కలుస్తాయి, ఆ పేరుతో తరుగు తీస్తారు. రాత్రి కాపలా ఉండాలి. వడ్ల పక్కనే రోడ్డు మీద పట్ట పరుచుకుని పడుకునే ముసలివాళ్లను మీరూ చూసే ఉంటారు. మరి ఆరబెట్టకుండా అమ్మేయొచ్చు కదా అంటారు. 2025-26కు గ్రేడ్ ఎ రకానికి మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20,300 పైన. 22 శాతం తేమ ఉన్న పుట్టి వడ్లు 17 శాతానికి ఆరితే 850 కిలోలు 799 కిలోలు అవుతాయి. 51 కిలోలు గాలికి పోతాయి. అది ప్రకృతి లెక్క, ఒప్పుకుంటాం. పచ్చి వడ్లు అడిగే దళారి మాత్రం ఆ 51 కిలోల దగ్గర ఆగడు. తేమ ఎంత ఉందో చూసే మీటరు అతని చేతిలోనే ఉంటుంది, ధర అతని నోట్లో ఉంటుంది. అప్పు తీర్చాల్సిన కౌలురైతు బేరం ఆడలేడు. రెండు రోజుల ఎండ, నాలుగు గజాల గట్టి నేల దొరికితే ఆ రైతు తలెత్తుకుని కొనుగోలు కేంద్రానికి పోతాడు.

5. కేసుల భయం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రకారం దారికి అడ్డం పెట్టినా, ప్రమాదం కలిగించినా 5 వేల రూపాయల దాకా జరిమానా. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. చట్టం తప్పని నేను అనను. ప్రాణం పోయాక చట్టం రావాల్సిందే. కానీ వేరే జాగా చూపించకుండా ఈ సెక్షన్లు చదివి వినిపిస్తే రైతు ఏం చేస్తున్నాడు? పగలు తీసేసి రాత్రి పోస్తున్నాడు. ప్రమాదం ఇంకా పెరుగుతోంది.

6. ట్రాక్టర్లు, మిషన్లు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, పైన గడ్డి, చీకట్లో రోడ్డు మీద. దమ్ము చక్రాలు (బురదలో దున్నే ఇనుప చక్రాలు) తీయకుండానే తారు మీద నడపడంతో వేసిన ఏడాదికే రోడ్డు గాట్లు పడుతోంది. టైర్ల మీద నడిచే పెద్ద కోత మిషన్ ముందు కట్టర్ 14 అడుగులు, అంటే 4 మీటర్ల పైన. రోడ్డేమో 3.75 మీటర్లు. కట్టర్ ఊడదీసి ట్రాలీ మీద వేసుకు రావాలి. పక్క పొలమే కదా అని ఎవరూ ఊడదీయరు. పాత డొంకలు ఉంటే వీటిలో సగం బండ్లు రోడ్డు ఎక్కేవే కాదు.

7. రొయ్యల గుంటల, లేఅవుట్ల పక్క రోడ్లు. గుంట కట్ట రోడ్డు మార్జిన్ దాకా తెచ్చి వేస్తున్నారు. వానకు కట్ట మట్టి జారి తారు మీదకు వస్తుంది. రొయ్యల బండ్లలోంచి కారే నీళ్లకు రోడ్డు నూనె పూసినట్టు ఉంటుంది. ఎదురుబండి వస్తే దిగడానికి మార్జిన్ ఉండదు. రొయ్య సాగు చేసేవాళ్లు మా అన్నదమ్ములే, వాళ్ల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. లేఅవుట్ల సంగతీ ఇంతే. వ్యవసాయ భూమిని వేరే అవసరానికి మార్చుకోవడానికి ఇటీవల దాకా 2006 నాటి నాలా చట్టం ఉండేది. ఫీజు కట్టించుకోవడంలో చూపిన శ్రద్ధ ఆ భూమి గుండా వెళ్లే డొంక ఏమవుతుందో చూడటంలో చూపలేదు. వెనక ఉన్న ఇరవై మంది రైతులు తమ పొలానికి వెళ్లడానికి ఎవరినో బతిమాలుకోవాల్సి వస్తోంది.

అయ్యా, ఇప్పుడు మేం అడిగేవి చెప్తాను.

ఒకటి. వచ్చే రబీ కోతలకు ముందే ప్రతి పంచాయతీలో కళ్లం, డొంక పోరంబోకులు ఎన్ని సెంట్లు ఉండాలో, ఇప్పుడు ఎన్ని ఉన్నాయో పాత ఆర్‌ఎస్‌ఆర్ (భూముల రిజిస్టర్), ఎఫ్‌ఎంబీ (కొలతల పుస్తకం) చూసి గ్రామ సచివాలయం గోడ మీద అంటించండి. 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వే ఇంకా నడుస్తోంది. పాత డొంక కొత్త మ్యాపులో పక్కవాడి ఎల్‌పీఎం నంబర్‌లో (రీసర్వేలో ఒక్కో భూమి ముక్కకు ఇచ్చే నంబర్) కలిసిపోతే ఇక దాన్ని వెతికేవాడు ఉండడు. ఆక్రమణ తొలగించడానికి 1905 నాటి చట్టం మీ చేతిలో ఉంది. ఊరి ఉమ్మడి భూములను తిరిగి ఊరికి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పులో చెరువులు, శ్మశానాలతో పాటు నూర్పిడి కళ్లం మాట కూడా ఉంది. పేదవాడు గుడిసె వేసుకున్న చోట వెళ్లగొట్టమని మేం అడగడం లేదు. గుడిసె లేకుండా, పొలంలో కలుపుకున్న చోట మొదలుపెట్టండి.

రెండు. కళ్లం పూర్తిగా పోయిన ఊళ్లో రైతు సేవా కేంద్రం దగ్గర సిమెంటు కళ్లం కట్టండి. ఎంత కావాలో నేనే లెక్క వేశాను. 500 ఎకరాల వరి ఉన్న ఊరు అనుకుందాం. ఎకరాకు 90 చదరపు మీటర్ల చొప్పున 45 వేల చదరపు మీటర్లు. కోతలు నెల రోజులు సాగుతాయి, ఒక్కో రైతుకు రెండు రోజులు ఇస్తే అదే కళ్లం 15 సార్లు ఉపయోగపడుతుంది. అంటే 3 వేల చదరపు మీటర్లు, 75 సెంట్లు. చాలామంది ఒకే వారంలో కోస్తారు కాబట్టి దాన్ని రెట్టింపు చేయండి, ఎకరంన్నర. ఒక ఊరికి ఎకరంన్నర దొరకదా? డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలన్నది మీరు తేల్చాలి. ఉపాధి హామీ నిధులతో కట్టిన కళ్లాల విషయంలో తెలంగాణకూ కేంద్రానికీ 2022లో వివాదం అయింది, డబ్బు వెనక్కి కట్టమని కేంద్రం అడిగింది. ఆ చిక్కు ఇక్కడ రాకుండా ముందే చూసుకోండి. మార్కెట్ కమిటీలకు మా ధాన్యం మీద సెస్ వెళ్తోంది కదా, అందులోంచి ఎందుకు కాకూడదు?

మూడు. కట్టేదాకా తాత్కాలికంగా జాగాలు చూపించండి. మార్కెట్ యార్డులు, ఖాళీ ప్రభుత్వ స్థలాలు సరే. ఇంకో మాట. మా చుట్టుపక్కల లేఅవుట్లలో వెడల్పాటి సిమెంటు రోడ్లు వేసి ఏళ్లయింది, ఒక్క ఇల్లు లేదు, మేకలు తిరుగుతున్నాయి. యజమానులను పిలిచి మాట్లాడి, కోతల నెల రోజులు ఆ రోడ్లు వడ్లకు ఇప్పించండి. ఒకప్పుడు అవి మా కయ్యలే. వాళ్లు కాదనరని నా నమ్మకం, మీరు అడిగితే.

నాలుగు. ఎక్కడ పోయకూడదో ఖచ్చితంగా చెప్పండి. జాతీయ రహదారి 16, ముంబై రహదారి, వాటి సర్వీసు రోడ్లు, బస్సు తిరిగే దారులు, మలుపులు, కాలవ కట్టలు, వంతెనలు, బడి ముందు. ఇక్కడ ఒక్క బస్తా కూడా పోయకూడదు, పోస్తే కేసు పెట్టండి, మేం అడ్డం రాము. పొలాలకు మాత్రమే వెళ్లే చిన్న దారిలో, వేరే జాగా చూపించేదాకా, ఒకే పక్కన, పగటిపూట మాత్రమే ఒప్పుకోండి. పొద్దు వాలకముందే ఎత్తేయాలి. రాళ్లు, కంపలు పూర్తిగా నిషేధించండి. పట్ట ఎగరకుండా ఊక నింపిన గోతాలు పెట్టుకోవచ్చు, బండి తగిలినా ప్రాణం పోదు. ఇవన్నీ ఒక్క కాగితం మీద తెలుగులో అచ్చు వేసి ప్రతి రైతుకూ ఇవ్వండి. ఇప్పుడు ఏ పోలీసు ఏ రోజు ఏమంటాడో మాకు తెలియదు.

ఐదు. గోనె సంచులు ఇచ్చేటప్పుడే ప్రతి ట్రాక్టర్ ట్రక్కుకూ రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి. కోత మిషన్లు జిల్లాలోకి వచ్చే ముందు యజమానులతో ఒక్క సమావేశం పెట్టి కట్టర్, దమ్ము చక్రాల సంగతి చెప్పండి. ఇది పెద్ద ఖర్చు లేని పని.

ఆరు. లేఅవుట్‌కు గానీ రొయ్యల గుంటకు గానీ అనుమతి ఇచ్చే ముందు, ఆ సర్వే నంబర్ గుండా డొంక, పంట కాలవ, మురుగు కాలవ పోతున్నాయో లేదో పంచాయతీలో చదివి వినిపించండి. గుంట కట్టకూ రోడ్డుకూ మధ్య దూరం వదలాలని అనుమతి పత్రంలోనే రాయండి. ఇప్పటికే మింగేసిన చోట ముందు దారి వదిలిస్తేనే అనుమతి కొనసాగించండి.

ఏడు. కొనుగోలు కేంద్రాలు కోతలకు ముందే తెరవండి. తేమ మీటరు బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టండి. సంచులు, లారీలు ఆలస్యమైన ప్రతి రోజూ ఆరిన వడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. మేం ఎత్తేయాలనుకున్నా ఎత్తడానికి సంచి ఉండదు. రోడ్డు మీద వడ్లు ఉన్న రోజుల్లో సగం రోజులు ఇందువల్లే అని నా అనుభవం.

తోటి రైతులకు కూడా ఒక మాట. అన్నలారా, అధికారులు ఇవన్నీ ఎప్పుడు చేస్తారో తెలియదు. రాళ్లు మానడానికి మనకు జీవో అక్కర్లేదు. కట్టర్ ఊడదీయడానికి అక్కర్లేదు. కళ్లంలోకి జరిపిన గట్టు వెనక్కి జరుపుకోవడానికి అంతకన్నా అక్కర్లేదు. మన ఊళ్లో ఆ గట్టు జరిపినవాళ్లలో కొందరు నా దగ్గరి చుట్టాలే, వాళ్లు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. కౌలురైతుకు ఆరబెట్టుకోవడానికి సొంత గజం నేల లేదు. కళ్లంలో మొదటి వంతు వాళ్లకే ఇవ్వాలని పంచాయతీలో మనమే తీర్మానం చేద్దాం. ఈ ఏడాది నుంచి నా వడ్ల చుట్టూ రాయి ఉండదు. ఊక గోతాలు పది కుట్టించి పెట్టాను.

కలెక్టర్ గారూ, ఈ లేఖకు మాకు కావలసింది తేదీతో కూడిన జవాబు. ఏ శాఖ, ఏ పని, ఎప్పటిలోగా అని. కుదరనివి ఉంటే కుదరవని, కారణంతో రాయండి, అదీ జవాబే. మూడు అర్జీల రసీదులు నా దగ్గర ఉన్నాయి. మా ఊరి కళ్లం హద్దులు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. తూర్పు హద్దు రాయి తుమ్మచెట్టు మొదట్లో పూడిపోయి ఉందని వాళ్లు చెప్తున్నారు. మీ సర్వేయర్‌ను ఒక ఉదయం పంపండి, పార తీసుకుని మేం వస్తాం.

ఇట్లు,
కనిగిరి రిజర్వాయర్ ఆయకట్టు రైతు,
నెల్లూరు జిల్లా